టూరిజం యాడ్లు చూడటానికి వేళ్లకు వైర్లు కట్టించుకున్నాను: నా అనుభవం

టూరిజం యాడ్ చూసినప్పుడు, తర్వాత ఆ చోటికే వెళ్లినప్పుడు మనిషికి లోపల ఏం జరుగుతుందో కొలిచే ఒక పరిశోధనలో ఈ ఏడాది పాల్గొన్నాను. మార్చిలో మొదలైంది, ఆగస్టులో నా వంతు అయిపోయింది. చేరే ముందు అసలు అక్కడ ఏం చేస్తారో తెలుసుకుందామని చాలా వెతికాను. పరిశోధకులు రాసుకున్నవి దొరికాయి గానీ, ఆ కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లు రాసింది ఒక్కటీ కనబడలేదు. అందుకే రాస్తున్నా. ఎవరి ల్యాబ్, ఏ ఊరు అనేది మాత్రం అడక్కండి, వాళ్ల పని ఇంకా నడుస్తోంది.

ఫ్రెండ్ ఒకడు నోటీసు పంపాడు. ఫారంలో వయసు, గుండె జబ్బులు, చర్మం ఎలర్జీలు, వాడే మందులు, కళ్లజోడు ఉందా లేదా, ఇవన్నీ అడిగారు. నింపి పంపాక దాదాపు మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. నన్ను వద్దనుకున్నారేమో అని నేనూ వదిలేశాను. తర్వాత ఒకరోజు ఫోన్. పరిశోధన చేస్తున్న అమ్మాయే మాట్లాడింది, చాలా మర్యాదగా. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోండి, ఆ పూట కాఫీ టీలు తాగకండి, చేతులకు క్రీములు రాసుకోకండి, పరుగెత్తుకుంటూ రాకండి అని చెప్పి, కొంచెం ఆగి, "మీకు గడ్డం ఉందాండీ?" అంది.

ఉంది. తీసేయాలట. బుగ్గ మీద, కనుబొమ్మ పైన సెన్సర్లు అంటిస్తారు, నవ్వినప్పుడు బుగ్గలో ఒక కండరం, ముఖం చిట్లించినప్పుడు కనుబొమ్మ దగ్గర ఇంకొకటి కదులుతాయి, మనకు తెలియనంత చిన్న కదలికైనా అవి పట్టేస్తాయి, వెంట్రుకలు అడ్డం ఉంటే పట్టుకోలేవు. ఏళ్ల తరబడి పెంచుకున్న గడ్డం. ఒక రోజంతా ఆలోచించుకుని సరే అన్నాను. ఇంట్లోవాళ్లు నన్ను చూసి నవ్వడం రెండు రోజులు ఆపలేదు. దీనికి తోడు ఇచ్చిన తేదీకి రెండు రోజుల ముందు నాకు జలుబు చేసింది. ఫోన్ చేస్తే, జలుబుతో రావద్దండీ, ముక్కు ఎగబీల్చిన ప్రతిసారీ గ్రాఫు లేచి కూర్చుంటుంది అని ఇంకో పదిహేను రోజులు వాయిదా వేశారు. ఈలోపు గడ్డం మళ్లీ మొలిచింది, మళ్లీ తీశాను. మీరెవరైనా వెళ్తే ఆ రోజు పొద్దునే తీయండి, ముందే తొందరపడకండి.

ఏప్రిల్ మధ్యలో మొత్తానికి వెళ్లాను. ఆఫీసులో ఒక పూట సెలవు పెట్టాను, అది సరిపోదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. రెండు గంటల పని అని చెప్పారు గానీ అంతకు మించి పట్టింది, యాడ్లు చూసే పని అందులో సగం కూడా లేదు. మిగతాదంతా తయారీ. ముందు కాగితాలు. ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, పేరు ఎక్కడా రాయరు, నెంబరే ఉంటుంది. నా ముఖం వీడియో తీస్తారన్న షరతు దగ్గర కాసేపు ఆగాను. పరిశోధన అయ్యాక చెరిపేస్తామని రాసి ఉంది, సంతకం పెట్టాను.

తర్వాత చేతులు కడుక్కోమన్నారు. నేను రాసే చేయి కుడిది కాబట్టి ఎడమ చేతి చూపుడువేలికీ మధ్యవేలికీ చిన్న బిళ్లల్లాంటివి జెల్ పూసి అంటించారు. చర్మం మీద చెమట ఎంత ఊరుతోందో దాన్ని బట్టి విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో చూస్తాయి అవి. మనకు తడి తగలకపోయినా, మనసు కొంచెం కదిలితే చాలు స్వేద గ్రంథులు స్పందిస్తాయట. కొలమానం మైక్రోసీమెన్స్. ఆ జెల్ చర్మంలోకి ఇంకేదాకా పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పైగా నా చేతులు చల్లగా ఉన్నాయట, చల్లటి చేతుల్లో సిగ్నల్ సరిగా రాదని ఇంకాసేపు. "ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చండి" అంది. పీల్చాను. ఒకటి, రెండు సెకన్లు ఏమీ లేదు, తర్వాత తెర మీద గీత నెమ్మదిగా పైకి లేచింది. నా ఒంట్లోది నాకంటే ఆలస్యంగా ఇంకొకరి కంప్యూటర్లో కనబడటం అదే మొదటిసారి. కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది, ఎందుకో చెప్పలేను.

ముఖం మీద అంటించేది ఇంకా చిరాకు. చర్మాన్ని గరుకు జెల్‌తో రుద్ది శుభ్రం చేస్తారు, ఎర్రబడుతుంది, సాయంత్రం దాకా ఆ మచ్చలు పోలేదు. తర్వాత కంటిచూపు ఎటు వెళ్తోందో పట్టుకునే యంత్రానికి మన కళ్లు పరిచయం చేయాలి. తెర మీద చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, తల కదపకుండా వాటినే చూడాలి. నా కళ్లజోడు మీద వెలుగు పడి అది కుదరలేదు. మళ్లీ చేశారు, మళ్లీ కుదరలేదు, కుర్చీ ఎత్తు మార్చాక కుదిరింది. అంతా అయ్యాక ఐదు నిమిషాలు బూడిద రంగు తెర వంక చూస్తూ ఏమీ ఆలోచించకుండా కూర్చోమన్నారు. మామూలుగా ఉన్నప్పుడు నా ఒళ్లు ఎలా ఉంటుందో తెలియడానికట. మొత్తం పరిశోధనలో నాకు అన్నిటికంటే కష్టమైంది ఆ ఐదు నిమిషాలే. ఫోన్ లేకుండా, ముఖానికి వైర్లతో, ఏమీ ఆలోచించొద్దంటే మనిషికి ఏమేం గుర్తొస్తాయో మీకు తెలుసు.

ఇక యాడ్లు. ఒక్కోటి ఒకటిన్నర నిమిషం లోపే. కొన్ని అందరికీ తెలిసినవి. న్యూజిలాండ్ 1999లో మొదలుపెట్టిన '100% ప్యూర్' ప్రచారంలోవి, మన దేశం 2002లో మొదలుపెట్టిన 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా'లోవి, 2010లో అగ్నిపర్వతం బద్దలై యూరప్‌లో విమానాలు ఆగిపోయాక, జనం రావడం మానేస్తారన్న భయంతో ఐస్‌లాండ్ వాళ్లు చేసింది. అందులో మనుషులు ఆ కొండల్లో, వేడినీళ్ల పక్కన గెంతులు వేస్తుంటారు. మిగతావి ల్యాబ్ వాళ్లు దొరికిన ఫుటేజీతో కత్తిరించి అతికించినవి. ఒకే కొండ ప్రాంతం, ఒకసారి సంగీతంతో, ఒకసారి లేకుండా, ఒకసారి మనుషులతో, ఒకసారి ఖాళీగా. ఎవరికి ఏది ముందు వస్తుందో లాటరీ.

ఒక్కోటి అవగానే చిన్న బొమ్మల వరుసలు వస్తాయి. మొదటి వరుసలో నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా, రెండో దాంట్లో పొట్టలో బాంబు పేలినట్టున్న బొమ్మ నుంచి కళ్లు మూతలు పడే బొమ్మ దాకా, మూడో దాంట్లో చిన్న బొమ్మ నుంచి పెద్ద బొమ్మ దాకా. బ్రాడ్లీ, లాంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1994లో దీని గురించి రాశారట, మాటలు అక్కర్లేదు కాబట్టి ఏ భాషవాళ్లకైనా పనికొస్తుంది. మొదటి రెండూ అర్థమయ్యాయి: ఎంత నచ్చింది, ఎంత కదిలింది. మూడోది, ఆ అనుభవం మన చేతిలో ఉందా, మనం దాని చేతిలో ఉన్నామా అని. యాడ్ చూస్తూ ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. కొన్నిటికి అంచనాగా పెట్టేశాను.

మంచు కొండల మీద తెల్లవారే యాడ్ చూసి 'అబ్బ' అనుకున్నాను, తొమ్మిదికి ఎనిమిది వేశాను. ఐస్‌లాండ్ వాళ్లది చూసి నిజంగానే నవ్వొచ్చింది. స్విమ్మింగ్ పూల్‌లో ఒక జంట పళ్లు బయటపెట్టి నవ్వుతూ ఉండే రిసార్ట్ యాడ్ ఒకటి వచ్చింది. ఎందుకో ఒళ్లు మండింది, కానీ బాగానే తీశారు కదా అని ఏడు వేశాను. ఇంకోటి ఉంది, కొండ ప్రాంతం యాడ్‌లోదే. ఘాట్ రోడ్డు మీద బస్సు, లోపల ఎవరిదో భుజం మీద ఒక పిల్ల నిద్రపోతూ ఉంటుంది, నోరు కొంచెం తెరుచుకుని, మలుపు తిరిగినప్పుడు తల ఇటు నుంచి అటు వాలుతుంది. రెండు మూడు సెకన్ల షాట్. తర్వాత లోయ, పొగమంచు, రైలింగు, మామూలే. దానికి ఐదు వేశాను. ఆ తర్వాత అదే లోయ సంగీతం లేకుండా వచ్చింది. సంగీతం తీసేస్తే యాడ్ ఎంత దిక్కులేనిదైపోతుందో నమ్మలేరు. సీసీటీవీ చూస్తున్నట్టే ఉంది.

బయటికి వచ్చేటప్పుడు గ్రాఫు చూపించమని అడిగాను. ఇప్పుడు చూపిస్తే తర్వాతి దశ పాడవుతుందండీ, చివర్లో అన్నీ చూపిస్తాను అంది. ఆ 'చివర్లో' నాలుగు నెలల తర్వాత వచ్చింది.

తర్వాతి దశకు అందరినీ పిలవలేదు. నన్ను జూన్ మొదటి వారంలో పిలిచారు. యాడ్‌లో చూసిన ఆ కొండ ప్రాంతానికే వెళ్లాలి. ప్రయాణ ఖర్చు వాళ్లది, ఉండే ఖర్చు మనది. ఇది ముందే గట్టిగా అడిగి తెలుసుకోండి, నాతోపాటు వచ్చిన ఒకాయన అంతా వాళ్లదే అనుకుని వచ్చాడు. వెళ్లడానికి వారం ముందు ఒక ప్రశ్నావళి: ఈ ప్రయాణం ఎంత బాగుంటుందని అనుకుంటున్నారు? తొమ్మిదికి తొమ్మిది వేశాను. నిజంగానే అలా ఉంది అప్పుడు. రాత్రిళ్లు ఆ లోయ కళ్ల ముందు కదిలేది, ఆఫీసులో ఎవరు ఏమన్నా కోపం వచ్చేది కాదు. ఆ వారం మొత్తం ప్రయాణంలోనే బాగా గడిచిన భాగం అని ఇప్పుడు అనిపిస్తోంది.

మణికట్టుకు, చెమటను కొలిచే వాచీ లాంటి బ్యాండు ఇచ్చారు, ఫోన్లో ఒక యాప్ వేశారు. యాప్ ఎప్పుడు పడితే అప్పుడు మోగుతుంది, మోగిన వెంటనే 'ఇప్పుడు ఎలా ఉంది' అన్నదానికి ఆ బొమ్మలే గుర్తు పెట్టాలి. బ్యాండు బిగుతుగా ఉంటే దురద, వదులు చేస్తే కొలత రాదు. స్నానానికి తప్ప తీయకూడదు.

చేరేసరికి పొగమంచు. మెట్లు. చాలా మెట్లు, అవి యాడ్‌లో లేవు. ఆయాసపడుతూ పైకి ఎక్కి వ్యూపాయింట్ దగ్గరికి వెళ్తే రైలింగు ముందు జనం వరుసలో నిలబడి ఉన్నారు, అందరూ ఒకే చోట నిలబడి ఒకే ఫోటో దిగడానికి. నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చాక చూశాను. యాడ్‌లోని లోయ అక్కడి నుంచి కనబడదు. అది డ్రోన్‌తో తీసింది. ఆ షాట్ తీసిన చోట గాలి తప్ప మనిషి నిలబడే నేల లేదు. నేలమీద నిలబడితే ఎదుటి కొండ సగం, కింద చెట్ల కొసలు, పక్కవాళ్ల మోచేతులు. దూరపు కొండలు నునుపు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు గానీ, ఈ డ్రోన్ వచ్చాక దగ్గరి కొండను కూడా నున్నగా చూపించగలుగుతున్నారు. మనసు ఉసూరుమంది. సరిగ్గా అప్పుడే యాప్ మోగింది, నాలుగు వేశాను. కాసేపటికి మళ్లీ మోగింది, మూడు వేశాను. మూడు వేసినందుకు మళ్లీ అపరాధం, ఇంత దూరం పంపించారు కదా అని. పారిస్ ఊహించుకున్నట్టు లేదని కుంగిపోయి ఆసుపత్రి పాలైన జపాన్ పర్యాటకుల గురించి హిరోఅకి ఓటా అనే మానసిక వైద్యుడు 1980లలో చెప్పాడని ఎక్కడో చదివాను. అలాంటివాళ్లు చాలా అరుదట. నాదంత పెద్ద జబ్బేమీ కాదు, మామూలు చిరాకు. కానీ ఆ చిరాకు ఆ చోటు మీద కాదు, ఆ యాడ్ మీద. ఆ చోటు పాపం తన మానాన తాను ఉంది.

మర్నాడు సాయంత్రం, వాన వెలిశాక, ఊరికే రోడ్డు పట్టుకుని నడిచాను. బోర్డు లేదు, పేరు లేదు, ఒక మలుపు దగ్గర కొండ జారకుండా కట్టిన రాతి గోడ. దాని రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి, దారప్పోగంత సన్నగా. కానీ చప్పుడు మాత్రం దాని లావుకు పదింతలు, ఎందుకంటే కింద ఎక్కడో కనబడని గుంటలో పడుతోంది. నాచు మీద వేలు పెడితే చల్లగా, మెత్తగా, నొక్కితే నీళ్లు వచ్చాయి. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో. ఒళ్లు జలదరించింది, చేతుల మీద వెంట్రుకలు లేచాయి, గొంతుకు ఏదో అడ్డం పడింది. దేనికి అని అడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఫోటో తీయాలని కూడా తోచలేదు. అప్పుడు మోగింది యాప్. తిట్టుకుంటూ తీసి తొమ్మిది వేశాను. వేసి మళ్లీ తలెత్తేసరికి నీళ్లు అవే, చప్పుడు అదే, నాలో మాత్రం సగం దిగిపోయింది. పరిశోధన మీద నాకు నిజంగా కోపం వచ్చింది ఆ ఒక్క క్షణమే.

తిరిగొచ్చిన నెలకు, జులైలో, ఇంకో ప్రశ్నావళి. మొత్తం ప్రయాణం ఎలా ఉంది? ఎనిమిది వేశాను, పెద్దగా ఆలోచించకుండానే.

ఆగస్టులో చివరి మీటింగు. నా కాగితాలన్నీ ఆ అమ్మాయి బల్ల మీద పరిచింది. వెళ్లే ముందు తొమ్మిది, గుర్తు చేసుకుంటే ఎనిమిది, అక్కడ ఉన్నప్పుడు యాప్‌లో వేసినవన్నీ కలిపి సగటు చూస్తే ఐదు కూడా లేదు. నేను అబద్ధం చెప్పానా అన్నాను. నవ్వింది. అందరిదీ ఇంతేనండీ, 1997లోనే అమెరికా పరిశోధకులది ఇలాంటిది ఒకటి అచ్చయింది, మూడు వారాల సైకిల్ యాత్రకు వెళ్లినవాళ్లు కూడా అందులో ఉన్నారు, ముందూ తర్వాతా బాగుందన్నదే యాత్రలో ఉన్నప్పుడు అడిగితే అంత బాగున్నట్టు చెప్పలేదు అంది. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని తీసుకుని చేసిన ఇంకో అధ్యయనం గురించి కూడా చెప్పింది, 2010లో అచ్చయింది. సెలవులకు వెళ్లబోయేవాళ్లు వెళ్లకముందే మిగతావాళ్లకంటే సంతోషంగా ఉన్నారట, తిరిగొచ్చాక చాలామందికి తేడా లేదట, బాగా విశ్రాంతి దొరికినవాళ్లకు తప్ప. ఆఫీసులో నాకు కోపం రాని ఆ వారం గుర్తొచ్చింది.

ఇక గ్రాఫులు. నేను ఎనిమిది వేసిన మంచు కొండల దగ్గర గీత దాదాపు తిన్నగా ఉంది. పూల్‌లో జంట దగ్గర, ఏడు వేశాను కదా, కనుబొమ్మ కండరం గట్టిగా బిగుసుకుంది. చాలామంది యాడ్‌కు మర్యాద చేస్తారండీ అంది. మొత్తం సెషన్‌లో అన్నిటికంటే ఎత్తుగా లేచిన గీత బస్సులో నిద్రపోతున్న పిల్ల దగ్గర. షాట్ మొదలైన రెండు సెకన్లకు మొదలై, లోయ వచ్చాక కూడా దిగలేదు. నేను ఐదు వేసినది. అయితే చేతి చెమట, మనసు ఎంత కదిలిందో చెబుతుంది గానీ అది సంతోషమో దిగులో చెప్పదు, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో మీకే తెలియాలి అంది. నాకూ తెలియదు. ఆ రోజు ఇంటికి వెళ్తూ దారంతా ఆలోచించాను, ఏదో తడుతున్నట్టే ఉండి తట్టలేదు.

బ్యాండు గ్రాఫులో పెద్ద పెద్ద శిఖరాలు ఉన్నాయి. అవన్నీ మెట్లు. మెట్లెక్కినప్పటి చెమటకూ మనసు కదిలినప్పటి చెమటకూ బ్యాండుకు తేడా తెలియదు, అందుకే అందులోనే కదలికను కొలిచేది కూడా ఉంటుంది, నడిచినప్పటివి తీసేస్తారు. రాతి గోడ దగ్గర నిలబడే ఉన్నాను కదా, అది చూపించమన్నాను. టైము చూసి వెతికింది. అక్కడ గీత తెగిపోయి ఉంది. వాన తడికి బ్యాండు జారి చర్మానికి సరిగా ఆనలేదట, ఆ పావుగంట పనికిరాదట. నేను తిట్టుకుంటూ వేసిన ఆ తొమ్మిది ఒక్కటే దానికి రికార్డు.

ప్రయాణం బిల్లులు అసలువి దాచుకోండి, ఫోటోలు ఒప్పుకోరు, డబ్బు రావడానికి నాకు నెల పైనే పట్టింది. ఏడాది తర్వాత మళ్లీ అవే ప్రశ్నలు పంపుతామన్నారు, సరేనని సంతకం పెట్టాను. అప్పటిదాకా ఆ కొండ ప్రాంతం యాడ్ చూడకూడదని షరతు. ఒకసారి ఆ ఊరు గురించి వెతికానేమో, ఫోన్లో ఏది తెరిచినా ముందు అదే వస్తోంది, స్కిప్ బటన్ వచ్చేదాకా ఫోన్ బోర్లా పెడుతున్నాను.